బొమ్మల పత్రిక పెట్టిన దుకాణదారు – హెర్బర్ట్ ఇన్‌గ్రామ్



ప్రత్యేక సంచికలో ప్రసిద్ధుల జీవితాలు వేస్తున్నాం, మీరూ ఒకరి గురించి రాయండి అని మన కార్యదర్శి గారు ఫోన్ చేసినప్పుడు వెంటనే సరేనన్నాను. తీరా ఎవరి గురించి రాయాలో తోచక రెండు రోజులు ఊరికే కూర్చున్నాను. గాంధీగారి గురించో, కాటన్ దొర గురించో రాయడానికి నాకంటే బాగా తెలిసినవారు మన సంఘంలోనే ఉన్నారు. నాకు తెలిసిందల్లా అచ్చుపని. నా ఉద్యోగ జీవితంలో సగానికి పైగా సీసపు అక్షరాల మధ్యనే గడిచింది. కాబట్టి మా పనికి దగ్గరివాడినే ఎంచుకున్నాను. ఆయన పేరు హెర్బర్ట్ ఇన్‌గ్రామ్. విక్టోరియా రాణి కాలంలో, 1842లో, లండన్ నగరంలో ‘ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్’ అనే వారపత్రికను స్థాపించినవాడు. వార్తలను వారం వారం బొమ్మలతో సహా అచ్చువేసిన మొట్టమొదటి పత్రిక అదే. మనం ఇవాళ పేపరు తెరవగానే ముందు ఫోటో చూసి తరువాత వార్త చదువుతున్నామంటే ఆ అలవాటుకు మూలం అక్కడుంది.

ఇన్‌గ్రామ్ 1811 మే 27న ఇంగ్లండులోని లింకన్‌షైర్‌లో బోస్టన్ అనే ఊళ్లో పుట్టాడు. బోస్టన్ అనగానే మన పిల్లలు ఉద్యోగాలు చేసే అమెరికా నగరం గుర్తుకొస్తుంది. దానికి పేరిచ్చిన అసలు బోస్టన్ ఇది. తండ్రి మాంసం దుకాణం నడిపేవాడు. హెర్బర్ట్ పసితనంలోనే ఆయన పోయాడు. కుటుంబానికి మిగిలింది పేదరికం. ధర్మబడిలో నాలుగు అక్షరాలు నేర్చుకున్నాక పద్నాలుగో ఏట కుర్రవాణ్ణి ఊళ్లోని ఒక ప్రింటరు దగ్గర పనికి కుదిర్చారు. మన ప్రెస్సుల్లోనూ అంతే కదా! ముందు నేల ఊడవడం, ఆ తరువాత టైపు కడగడం, అక్షరాలను గళ్లలో వేయడం, మరెప్పటికో స్టిక్కు చేతికివ్వడం.

పని నేర్చుకున్నాక 1832లో లండన్ వెళ్లి కూలికి అచ్చుపని చేశాడు. రెండేళ్ల తరువాత నాటింగ్‌హామ్‌లో సొంత దుకాణం పెట్టాడు. బావగారైన నథానియల్ కుక్‌తో భాగస్వామ్యం. అచ్చుపని, పుస్తకాల అమ్మకం, పత్రికల ఏజెన్సీ, అన్నీ ఒకే కప్పు కింద. ఇన్‌గ్రామ్ శ్రమకు వెనుదీసే మనిషి కాదు. ఒక్క పత్రిక ఇవ్వడానికి మైళ్ల దూరం నడిచి వెళ్లేవాడని ఆయన గురించి రాసినవారు చెబుతారు.

ఆయన జీవితంలో అసలు మలుపు ఆ దుకాణం గల్లాపెట్టె దగ్గరే వచ్చింది. రెండు సంగతులు ఆయన కంటబడ్డాయి. చాలామంది గిరాకీలు వచ్చి ఫలానా పత్రిక అని పేరు చెప్పి అడిగేవారు కాదు, లండన్ వార్తలు కావాలని మాత్రమే అడిగేవారు. ఇక ఏ వారమైతే పత్రికలో చెక్కబొమ్మ ఒకటి పడుతుందో ఆ వారం కట్టలు కట్టలుగా అమ్ముడుపోయేవి. 1837లో గ్రీనేకర్ అనేవాడి హత్యకేసు ఇంగ్లండును ఊపేసింది. ‘వీక్లీ క్రానికల్’ దానికి బొమ్మలు వేస్తే ఆ పత్రికలు దుకాణంలో నిలవలేదు. ఇదే చూసిన ఏజెంట్లు దేశంలో వందలమంది ఉండి ఉంటారు. ఇన్‌గ్రామ్ మాత్రం లెక్క వేసుకున్నాడు. ఎప్పుడో ఒకసారి కాక ప్రతివారం బొమ్మలే వేస్తే ఎలా ఉంటుంది? లండన్ వార్తలు అనే మాటనే పేరుగా పెడితే ఎలా ఉంటుంది?

ఆలోచన సరే, పెట్టుబడి ఎక్కడిది? ఇక్కడ కథ కొంచెం తిరకాసుగా ఉంటుంది. దాచకుండా చెబుతాను. ఇంగ్లండులో థామస్ పార్ అనే ముసలాయన 152 ఏళ్లు బతికాడని ఒక ప్రతీతి. 1635లో చనిపోతే వెస్ట్‌మినిస్టర్ అబీలో పూడ్చారు. ఇన్‌గ్రామ్ మాంచెస్టర్ మందుల వ్యాపారి ఒకాయన దగ్గర ఒక మాత్ర హక్కులు కొని, దానికి ‘పార్స్ లైఫ్ పిల్స్’ అని పేరు పెట్టి, ఆ ముసలి పార్ ఆయుర్దాయ రహస్యం ఇదేనని ప్రచారం చేశాడు. పార్ వంశం నుంచి రహస్యం దొరికిందని ఒక కథ కూడా అల్లించాడు. నిజానికి అవి విరేచనపు మాత్రలు. జనం ఎగబడి కొన్నారు. ఆ డబ్బుతోనే పత్రిక పుట్టింది.

ఇది చదువుతుంటే మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు గుర్తుకు రాకుండా ఎలా ఉంటారు? 1893లో అమృతాంజనం, ఆ రాబడితో 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రిక. మందు డబ్బుతో పత్రిక నడపడం రెండుచోట్లా ఒకటే. తేడా కూడా చెప్పాలి. అమృతాంజనం తలనొప్పికి రాసుకుంటే ఉపశమనం ఇచ్చింది, ఇప్పటికీ మన ఇళ్లలో ఉంది. పార్ మాత్రలు మింగి 152 ఏళ్లు బతికినవాడు ఒక్కడూ లేడు.

1842లో ఇన్‌గ్రామ్ లండన్ చేరాడు. ముందు ఆయన ఉద్దేశం నేరవార్తల బొమ్మల పత్రికే. హత్యలు, కోర్టులు, ఉరిశిక్షలు. గ్రీనేకర్ కేసు నేర్పిన పాఠం మరి. వెంట ఉన్న హెన్రీ విజెటెల్లీ వంటివారు నచ్చజెప్పి, ఇంటిల్లిపాదీ చూడదగిన పత్రికగా మార్పించారు. 1842 మే 14న మొదటి సంచిక వెలువడింది. 16 పేజీలు, 32 బొమ్మలు, ధర ఆరు పెన్నీలు. కూలినాలి జనానికి అందే ధర కాదు. ప్రకటన పలకలు పట్టుకున్న 200 మందిని లండన్ వీధుల్లో ఊరేగించారు. మొదటి సంచిక 26,000 ప్రతులు అమ్ముడుపోయింది.

ఆ బొమ్మలు ఎలా వేసేవారో చెప్పకుండా ముందుకు పోలేను, ఇది నా బలహీనత అనుకోండి. అప్పటికి ఫోటోను పత్రికలో అచ్చువేసే విద్య లేదు. రాగిరేకు మీద చెక్కిన బొమ్మ అందంగా వస్తుంది కానీ అక్షరాలతో కలిపి ఒకే ఫారంలో అచ్చు కాదు. కలిపి అచ్చయ్యేది చెక్క బ్లాకు ఒక్కటే. దాన్ని టైపు ఎత్తుకు సరిగ్గా కోసి, అక్షరాల పక్కనే బిగించి ఒకే ఇంప్రెషన్‌లో తీయవచ్చు. బాక్స్‌వుడ్ అనే గట్టి చెక్కను నిలువుగా కాకుండా మానుకు అడ్డంగా కోసిన ముఖం మీద చెక్కే పద్ధతిని, అంతకు ముందు తరంలో న్యూకాజిల్‌కు చెందిన థామస్ బ్యూయిక్ మెరుగుపరిచాడు. అలా కోసిన ముఖం మీద వెంట్రుకంత గీత కూడా తెగకుండా నిలుస్తుంది.

కానీ బాక్స్ చెట్టు కాండం సన్నం. దానినుంచి పెద్ద బొమ్మకు సరిపడే పలక రాదు. అందుకని చిన్న చిన్న ముక్కలను కలిపి ఒక పలకగా చేసేవారు. చిత్రకారుడు దానిమీద బొమ్మను కుడి ఎడమలు తారుమారుగా గీసేవాడు. తరువాత పలకను విడగొట్టి తలా ఒక ముక్క ఇచ్చేవారు. ఒకడు ఆకాశం చెక్కితే ఇంకొకడు జనాన్ని, మరొకడు గోడలను చెక్కేవాడు. రాత్రంతా దీపం వెలుగులో పని. తెల్లవారేసరికి ముక్కలు మళ్లీ కలిపితే అతుకుల దగ్గర గీతలు కుదిరేలా పెద్ద పనివాడు సరిదిద్దేవాడు. పాత ప్రతులను జాగ్రత్తగా చూస్తే కొన్ని పెద్ద బొమ్మల్లో సన్నటి తెల్లగీత నిలువునా కనిపిస్తుంది. అది అతుకు. చెక్కినవారి పేర్లు చాలావరకు ఎవరికీ తెలియవు.

ఇప్పుడు మొదటి సంచికలోని ఒక బొమ్మ సంగతి. ఆ నెల మొదట్లో జర్మనీలోని హాంబర్గ్ నగరం తగలబడింది. పత్రిక బయటికి రావలసిన తేదీ దగ్గరపడింది, హాంబర్గ్‌లో వీళ్ల మనిషి లేడు. ఏంచేశారంటే, బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న హాంబర్గ్ పాత చిత్రం ఒకటి నకలు తీసి, దానిమీద మంటలు, పొగ, ఓడల్లోంచి చూసే జనాన్ని చేర్చి, చెక్కి అచ్చువేశారు. చూసినవాళ్లు నిజంగా కళ్లారా చూసినట్టే అనుకున్నారు.

ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకు నవ్వు రాలేదు. కారణం చెబుతాను. సర్కారు కొలువులోకి రాకముందు నేను కోస్తాలో ఒక చిన్న ప్రెస్సులో కంపోజిటరుగా ఉండేవాణ్ణి. అక్కడ ఒక వారపత్రిక అచ్చయ్యేది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. వార్త ఉంది, ఫోటో లేదు. యజమాని అటక మీదినుంచి ఎప్పటిదో గోదావరి వరద బ్లాకు ఒకటి తీయించి, దాన్నే వేయమన్నారు. జింకు రేకు వదులైతే నేనే మేకు కొట్టి, ఫారంలో బిగించాను. నెత్తిన మూట పెట్టుకుని మోకాటి లోతు నీళ్లలో నడుస్తున్న ఆడమనిషి బొమ్మ అది. నాలుగు రోజుల తరువాత ఒకాయన ఆ పత్రిక పట్టుకుని ప్రెస్సుకు వచ్చాడు. ఉప్పెనలో తప్పిపోయిన తన అప్ప ఈ బొమ్మలో ఉందని, ఈ ఫోటో ఏ శిబిరం దగ్గర తీశారో చెబితే వెళ్లి తెచ్చుకుంటానని అడిగాడు. యజమాని ఊళ్లో లేరు. అది ఉప్పెన బొమ్మ కాదనీ, పాత బ్లాకనీ నేనే చెప్పవలసి వచ్చింది. ఆయన కోప్పడలేదు. పత్రికను మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. అందుకే హాంబర్గ్ బొమ్మ గురించి ఇన్‌గ్రామ్‌ను తిట్టే అర్హత నాకు లేదు. మెచ్చుకోవడమూ నావల్ల కాదు.

మళ్లీ కథలోకి వస్తాను. రెండో సంచిక నుంచి అమ్మకాలు పడిపోయాయి. ఇన్‌గ్రామ్ బెదరలేదు. ఆర్చిబిషప్ పట్టాభిషేకపు బొమ్మలున్న సంచికను దేశంలోని క్రైస్తవ గురువులందరికీ పంపాడు. గురువుగారి బల్లమీద కనిపించిన పత్రికను ఇంట్లోకి రానివ్వడానికి ఇక సంకోచం ఎవరికి? చందాదారులు పెరిగారు. ఆరు నెలలు చందా కట్టినవారికి లండన్ నగరమంతా కనిపించే బ్రహ్మాండమైన బొమ్మ ఒకటి ఉచితమని ప్రకటించి, 1843 జనవరిలో ఇచ్చాడు. ఒక ఎత్తయిన స్తంభం మీదికెక్కి క్లాడే అనే ఆయన తీసిన ఫోటోల ఆధారంగా దాన్ని చెక్కించారు. మొదటి ఏడాది చివరికి అమ్మకం 60,000 చేరింది. లండన్ మహా ప్రదర్శన జరిగిన 1851లో 130,000 అయింది. 1855లో పత్రికల మీద స్టాంపు పన్ను ఎత్తేశారు, అటు క్రిమియా యుద్ధం నడుస్తోంది, అమ్మకం 200,000 దాటింది. పోటీగా పెట్టిన ‘పిక్టోరియల్ టైమ్స్’ నష్టాల పాలైతే దాన్ని కొని తనదాంట్లో కలిపేసుకున్నాడు. అయితే పట్టినదల్లా బంగారం కాలేదు. 1848లో చవక ధరకు ఒక దినపత్రిక పెట్టి నెలల్లోనే మూసేశాడు.

ఇన్‌గ్రామ్ స్వయంగా బొమ్మ గీసినవాడు కాదు, వ్యాసం రాసినవాడు కాదు. గీసేవాళ్లను, చెక్కేవాళ్లను, రాసేవాళ్లను కూర్చి, వారం తప్పకుండా పని జరిపించాడు. హాంబర్గ్ బొమ్మతో మొదలైన పత్రికే క్రమంగా మనుషులను అక్కడికే పంపి గీయించడం నేర్చుకుంది. నాకు ఆయన చరిత్రలో అన్నిటికన్నా విలువైనది ఇదే.

1847లో ఐర్లండులో బంగాళాదుంప పంట కుళ్లిపోయి ఘోరమైన కరువు నడుస్తోంది. ఆ ఫిబ్రవరిలో కార్క్ పట్టణానికి చెందిన జేమ్స్ మహోనీ అనే చిత్రకారుడు పత్రిక తరఫున స్కిబరీన్ ప్రాంతాలు తిరిగి, చూసింది చూసినట్టు గీసి పంపాడు. చచ్చిపోయిన పసిబిడ్డను చేతుల్లో పెట్టుకుని, శవపేటిక కొనడానికి దారినపోయేవారిని అడుక్కుంటున్న తల్లి బొమ్మ అందులో ఒకటి. రాణిగారి నృత్యోత్సవాల బొమ్మలు చూసి మురిసే ఇళ్లలోకే, అదే ఆరు పెన్నీలకు, ఆ తల్లి కూడా వెళ్లింది. ఆ బొమ్మ చూసి ప్రభుత్వం కదిలిపోయి కరువు తీర్చిందని నేను చెప్పను, అలా జరగలేదు. లక్షలమంది చనిపోయారు. కాని చూడలేదు, తెలియదు అనడానికి ఎవరికీ వీలు లేకుండా పోయింది. క్రిమియా యుద్ధానికి కాన్‌స్టాంటిన్ గైస్ వంటి చిత్రకారులు గీసి పంపేవారు. రోజర్ ఫెంటన్ తీసిన ఫోటోలను కూడా చెక్కమీదికి ఎక్కించి అచ్చువేశారు.

1856లో ఇన్‌గ్రామ్ సొంత ఊరు బోస్టన్ నుంచి లిబరల్ సభ్యుడిగా పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. మాంసం దుకాణదారుడి కొడుకు, ధర్మబడి పిల్లవాడు అదే ఊరికి ప్రతినిధి అయ్యాడు. సభలో గొప్పగా ఉపన్యసించిన దాఖలాలు వెతకనక్కరలేదు. ఊరికి మాత్రం పనులు చేశాడు. గొట్టాల ద్వారా మంచినీళ్లు రప్పించడంలో ఆయన కృషి పెద్దది. మంచినీళ్ల పథకం కోసం ఎన్ని ఫైళ్లు తిరగాలో మన మిత్రుల్లో చాలామందికి అనుభవమే.

1860లో, నలభై తొమ్మిదో ఏట, ఆరోగ్యం కుదుటపరచుకోవడానికి పెద్దకొడుకును వెంటబెట్టుకుని అమెరికా ప్రయాణమయ్యాడు. కొడుకు పేరూ హెర్బర్టే. కెనడా, నయాగరా చూసుకుని షికాగో చేరారు. మన పిల్లల దగ్గరికి వెళ్లినప్పుడు మిషిగన్ సరస్సు ఒడ్డున నిలబడి ఫోటోలు దిగిన దంపతులు మన సంఘంలో ఎందరో ఉన్నారు. అవతలి ఒడ్డు కనిపించని ఆ నీళ్ల మీదికే, సెప్టెంబరు 7వ తేదీ రాత్రి తండ్రీ కొడుకులు ‘లేడీ ఎల్గిన్’ అనే స్టీమరు ఎక్కి బయలుదేరారు. ఓడలో ఎక్కువమంది మిల్వాకీ నుంచి షికాగోకు విహారానికి వచ్చి తిరిగి వెళుతున్న ఐరిష్ కుటుంబాలవాళ్లు. గాలివాన. అర్ధరాత్రి దాటాక, కలప మోసుకొస్తున్న ‘అగస్టా’ అనే తెరచాప ఓడ వచ్చి స్టీమరు పక్కను గుద్దింది. కాసేపట్లోనే స్టీమరు విరిగి మునిగిపోయింది. 300 మంది దాకా చనిపోయారు. ఇన్‌గ్రామ్ శవం ఒడ్డుకు కొట్టుకొచ్చింది. కొడుకు శవం దొరకనే లేదు. తండ్రిని ఇంగ్లండుకు తెచ్చి అక్టోబరులో బోస్టన్‌లో సమాధి చేశారు.

ఎక్కడ ఏ ఓడ మునిగినా బొమ్మవేసి చూపించిన పత్రిక ఈసారి తన యజమాని మరణవార్తను అచ్చువేసుకోవలసి వచ్చింది.

భార్య ఆన్ అప్పటికి పిల్లల తల్లి, కొందరు మరీ చిన్నవాళ్లు. పత్రికను అమ్ముకోకుండా బాధ్యత ఆమే తీసుకుంది. పిల్లలు పెద్దయ్యేదాకా నడిపించి, తరువాత విలియం, చార్లెస్ అనే కొడుకుల చేతికి అప్పగించింది. 1863లో యువరాజు పెళ్లి సంచిక 300,000 దాటి అమ్ముడైంది ఆమె హయాంలోనే. ఇన్‌గ్రామ్ పేరు చెప్పుకునేవారు ఆమె పేరు అంతగా చెప్పుకోరు. అది న్యాయం కాదని నా అభిప్రాయం.

ఆ పత్రికలో బ్లాకులు చెక్కిన విలియం లూసన్ థామస్ 1869లో ‘గ్రాఫిక్’ అనే పోటీ పత్రిక పెట్టాడు. వాన్‌గో అనే ప్రఖ్యాత చిత్రకారుడు పేదరికంలో కూడా ఈ రెండు పత్రికల బొమ్మలు ఏరి దాచుకునేవాడు.

ఈ బొమ్మలు మన నేలదాకా కూడా వచ్చాయి. 1876-78 నాటి కరువును మన తాతముత్తాతలు ధాత కరువు అనేవారు. 1877 అక్టోబరులో ‘ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్’ బెంగుళూరులో సాయం కోసం ఎదురుచూస్తున్న డొక్కలెండిన జనం బొమ్మ వేసింది. అదే నెలలో ‘గ్రాఫిక్’ బళ్లారి జిల్లాలో పశువులూ మనుషులూ కలిసి కృశించిపోతున్న బొమ్మ వేసింది. అప్పటి బళ్లారి జిల్లాలోనే మన అనంతపురం ఉండేది, 1882లో గాని విడిపోలేదు. నాది అనంతపురం జిల్లా కాకపోయినా మా ఇంటావిడ పుట్టిల్లు ఆ పక్కదే. ఆ బొమ్మ నకలు చూపిస్తే ఆమె చాలాసేపు చూసి, వాళ్ల జేజి చిన్నప్పుడు విన్న కరువు కథలు చెప్పుకొచ్చింది. కలబంద దుంపలు ఉడకబెట్టుకు తిన్నారట. అవన్నీ అంతకుముందు నాకెప్పుడూ చెప్పలేదు.

తరువాతి కాలంలో హాఫ్‌టోన్ బ్లాకు వచ్చి చెక్కేవాళ్ల ఉపాధి పోయింది, ఆఫ్‌సెట్ వచ్చి మా సీసపు అక్షరాలు పోయినట్టే. పత్రిక మాత్రం చాలాకాలం నిలిచింది. మనవడు బ్రూస్ ఇన్‌గ్రామ్ 1900 నుంచి 1963 దాకా సంపాదకుడిగా ఉన్నాడు. 1971 దాకా వారం వారం, ఆ తరువాత నెలకొకసారి, చివరికి ఇంకా అరుదుగా వచ్చి 2003లో ఆగిపోయింది.

బోస్టన్‌లో పెద్ద చర్చి పక్కన ఇన్‌గ్రామ్ విగ్రహం ఉంది. 1862లో నిలబెట్టారు. పీఠం దగ్గర కూజాతో నీళ్లు పోస్తున్న స్త్రీ ప్రతిమ ఒకటి చెక్కారు. ఊరికి మంచినీళ్లు తెచ్చినందుకట అది.